సగమే వచ్చిన పోట్లాట

తెల్లవారితే చాలు తన గొప్ప తానే తలుచుకునే రాజొకడు ఒకానొక రాజ్యాన్ని ఏలుతూ ఉండేవాడు. పేరు రణభైరవుడు. పేరుకు తగ్గ యుద్ధం ఒక్కటీ చెయ్యలేదు గాని, తీర్పులు చెప్పడంలో తనంతవాడు లేడని ఆయన నమ్మకం.

తల్లీ తండ్రీ లేని పిల్లలను ఆయన ఊళ్ళోని కుటుంబాలకు అప్పగించి, తిండికీ బట్టకూ ఖజానా నుంచి ఇప్పించేవాడు. అంతవరకు మంచిపనే. కాని దానికో శాసనం తగిలించాడు. గొడవపడిన పిల్లను ఆ రోజే ఇల్లు మార్చాలి. దాంతో గొడవ ఆ ఇంట్లో మాయమై, ఇంకో ఇంట్లో తేలేది.

ఒకనాడు ముత్యాలు అనే పద్నాలుగేళ్ళ పిల్లను సభకు తెచ్చారు. ఆమెను పెంచుతున్న కంచరి వీరాచారి కూతురు అచ్చమ్మను జుట్టు పట్టి లాగి, కొత్త బిందెను సొట్టపోయేలా నేలకేసి కొట్టిందట. పిల్లను పంపవద్దని వీరాచారి ఎంత బతిమాలినా రాజు వినలేదు. సరిహద్దు ఊరికి పంపమన్నాడు. ముత్యాలు ఏడవలేదు. అలవాటైన పనిలా బయటికి నడవబోయింది.

అది చూడలేక విదూషకుడు మల్లుభట్టు లేచాడు. "ప్రభూ, వారం గడువిప్పించండి. ఇలాంటి పిల్లలందరికీ పోట్లాడటం నేర్పుతాను."

సభ గొల్లుమంది. "వాళ్ళకు రానిదా అది?" అన్నాడు రాజు.

"సగమే వచ్చు ప్రభూ. మొదలుపెట్టడం వచ్చు, ముగించడం రాదు. ముగిసేదాకా ఏ ఇంట్లోనూ ఉండనివ్వలేదుగా."

రాజుకు కోపం రావలసింది, కుతూహలం వచ్చింది. గడువిచ్చాడు, అంతదాకా ముత్యాలు వీరాచారి ఇంట్లోనే ఉండవచ్చన్నాడు. ఇచ్చాక ఆగలేక, రోజూ స్తంభం చాటున నక్కి పాఠాలు చూసేవాడు. ఆయన ఒళ్ళు స్తంభానికి రెండు పక్కలా కనబడుతున్నా పిల్లలు పెద్దమనసుతో చూడనట్టే ఉన్నారు.

పాఠాలకు అచ్చమ్మ కూడా వచ్చేది. పాఠం చిన్నదే. తన గోడు చెప్పుకునే ముందు ఎదుటివాళ్ళ గోడు తన నోటితో చెప్పాలి. వాళ్ళు 'ఔను, అదే' అనేదాకా తన మాట ఎత్తకూడదు. ఆ మాట రాబట్టేసరికి పిల్లల కోపం సగం దిగిపోయేది. ఇంతేనా అనుకున్నాడు రాజు.

వారం తిరిగాక మల్లుభట్టు ముత్యాలును సభలో నిలబెట్టి, చేతులు కట్టుకుని, ఈ పిల్ల గోడు ప్రభువులు ఒక్కసారి చెప్పి ఔననిపిస్తే చాలు, ఏ ఊరికైనా పంపవచ్చన్నాడు. ఇది పిల్లలాట అని రాజు తీసిపారేశాడు. అందుకే ప్రభువులకు చిటికెలో పని అన్నాడు మల్లుభట్టు. రాజు మీసం దువ్వి ఒప్పుకున్నాడు.

"నీకు పొగరు. అందుకే కొట్టావు."

"కాదు ప్రభూ," అంది ముత్యాలు.

"అచ్చమ్మను చూస్తే నీకు ఓర్వలేనితనం."

"కాదు ప్రభూ."

ఆయనతో ఇన్నిసార్లు కాదన్నవారు ఆ రాజ్యంలో లేరు. చెమట తుడుచుకుని, పోనీ ఏం జరిగిందో నువ్వే చెప్పమన్నాడు. ఒక మనిషిని ఆయన ఆ మాట అడగడం అదే మొదలు.

"ఏ ఇంట్లో ఉన్నా నా బట్టలు మూటలోనే ఉంచుకుంటాను. అచ్చమ్మ అది విప్పింది. నన్ను పంపేస్తున్నారనుకున్నాను. తన బట్టల పక్కన సర్దడానికి విప్పిందని ఈ పాఠాల్లోనే తెలిసింది."

రాజు ముత్యాలు వైపు వంగాడు. తరువాత మెల్లగా అన్నాడు. "గొడవ వచ్చినప్పుడల్లా నేను నీ చేత ఇల్లు మార్పించాను. అందుకని ఎవరు మూట ముట్టుకున్నా నీకు భయం."

"ఔను, అదే," అంది ముత్యాలు. అప్పుడు ఏడ్చింది.

మల్లుభట్టు వంగి దండం పెట్టాడు. "ప్రభువులు గెలిచారు. ఇక పిల్లను పంపించండి."

 "నా తప్పు నా నోటితోనే చెప్పించి, ఇప్పుడు పంపమంటావురా!" అంటూ రాజు పకపకా నవ్వాడు. శాసనం ఆ క్షణమే రద్దుచేసి, తన చేతి కంకణం తీసి మల్లుభట్టుకు తొడిగాడు. నీకేం కావాలో కోరుకోమని ముత్యాలును అడిగాడు.

"సెలవిప్పించండి ప్రభూ, ఇంటికి వెళ్ళాలి," అందామె. "ఇవాళ పొద్దున అచ్చమ్మతో మొదలైన గొడవ ఇంకా ముగియలేదు."