తొమ్మిదో ప్రశ్న

సున్నా పాయింట్ ఆరు ఒకటి. మొదట్లో పరిశోధక విద్యార్థి సుధన్వ చేతిలో ఉన్న లెక్క అది. హైదరాబాదులో చదువుకునే యెమెన్, సూడాన్ విద్యార్థులు చేసే పనిలో ఎంతగా లీనమవుతారో కొలవాలని తనంతట తానే పూనుకున్నాడు. ప్రశ్నలు అరబ్బీలోకి మాటకు మాట మార్పించి, జవాబులన్నీ పోగేసి తేల్చిన అంకె అది. ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని పట్టుకుంటే అది సున్నా పాయింట్ ఏడు దాటాలి. దాటకపోతే గైడు థీసిస్ మీద సంతకం పెట్టడు. సోమవారం గడువు. అది కాస్తా పోతే ఏడాది శ్రమా బూడిదలో పోసిన పన్నీరే.

లెక్కల్లో చురుకైనవాడు కాబట్టి తప్పెక్కడుందో ఇట్టే పట్టేశాడు. “ఆ సమయంలో అంతా నా అధీనంలోనే ఉందనిపించింది” అన్నది తొమ్మిదో ప్రశ్న. ఒకటంటే అస్సలు కాదు, ఐదంటే పూర్తిగా అవును. మిగతావాటికి ఐదులు దిద్దినవాళ్ళు సైతం దీనికి ఒకటి దిద్దారు.

అతనికి అరబ్బీ నేర్పుతున్నది పాతబస్తీ బార్కస్‌లో ఉండే సలీం బావజీర్. శిష్యులు ఏదడిగినా నోరు విప్పకుండా చెప్పులేసుకుని, వాళ్ళను వెంటబెట్టుకుని బయల్దేరడం ఆ ఉస్తాద్ అలవాటు.

“ఉస్తాద్, ఆ ఒక్క ప్రశ్న తీసేస్తే గట్టెక్కుతాను. తీసేయమంటారా?”

ఉస్తాద్ చెప్పుల కోసం వెతుక్కున్నారు.

ఇద్దరూ విద్యార్థుల హాస్టలుకు వెళ్ళేసరికి అక్కడ క్యారమ్స్ జోరుగా సాగుతోంది. ముస్‌అబ్ అనే సూడాన్ కుర్రాడు బోర్డు మీదికి వంగి కాయ వెంట కాయ గుంతలో వేస్తున్నాడు. పక్కన చాయ్ మీగడ కట్టింది. పేరు పెట్టి పిలిచినా తల ఎత్తలేదు. ఆట ముగిశాక ఉస్తాద్ అతనికి తొమ్మిదో ప్రశ్న చదివి వినిపించారు.

“అస్తగ్‌ఫిరుల్లా!” దేవుడు క్షమించాలన్నట్టు ముస్‌అబ్ చెవులు మూసుకున్నాడు. “నా అధీనంలో ఏముంది ఉస్తాద్? ఇచ్చేవాడు ఆ పైవాడు. ఒకటి వేసుకోండి.”

“నిజమే,” అన్నాడు ఎదురుగా కూర్చుని ఓడిపోయిన హాతిం. “వీడి అధీనంలోనే ఉంటే అనాటమీ మళ్ళీ మళ్ళీ తప్పుతాడా?”

అంతా నవ్వారు. సుధన్వ ముఖం మాత్రం వెలిగిపోయింది. “దొరికింది ఉస్తాద్! ఇది వినయం. ఎంత మునిగితే అంత తక్కువ దిద్దుతారు. అయితే ఒకటిని ఐదు, ఐదును ఒకటి చేసి తిప్పేస్తే సరి!” అప్పటికే ఫోన్లో లెక్క కట్టేశాడు. “సున్నా పాయింట్ ఏడు నాలుగు! తీసేయక్కర్లేదు కూడా!”

ఉస్తాద్ హాతిం వైపు తిరిగారు. “నీకెలా ఉంది ఆట?”

“ఎప్పుడు అయిపోతుందా అని చూస్తూ కూర్చున్నా,” అని హాతిం ఆవులించాడు.

ఉస్తాద్ అతనికీ అదే ప్రశ్న చదివారు. ఆవులింత సగంలో ఆగిపోయింది. హాతిం సర్దుకుని కూర్చున్నాడు.

“అస్తగ్‌ఫిరుల్లా! నాకూ ఒకటే వేయండి.”

సుధన్వ వేళ్ళు ఫోను మీదే ఆగిపోయాయి. తిప్పితే ఈ ఆవులించేవాడికి ఐదు వస్తుంది. తిప్పకపోతే ఒళ్ళు మరిచి ఆడినవాడికి ఒకటే మిగులుతుంది. తీసేస్తే అంకె బతుకుతుంది, కానీ వీళ్ళిద్దరూ ఇంత గట్టిగా చెప్పిన మాట ఏ గంగలో కలిసినట్టు? తెలిసిందనుకున్నది కూడా తెలియకుండా పోయింది.

“ఇద్దరిలో అబద్ధం ఎవరిది ఉస్తాద్?”

“ఇద్దరూ నిజమే చెప్పారు. దేవుడి గురించి.”

సుధన్వ ఫోన్ జేబులో పెట్టి, స్టూలు లాక్కుని ముస్‌అబ్ పక్కన కూర్చున్నాడు. “ఇప్పుడేం అడగను?” అంటూ ఉస్తాద్ వైపు తిరిగాడు.

“అడుగు,” అన్నారాయన. “ఈసారి ఆట గురించి.”