మూడు మునకలా, నాలుగు మునకలా

"ముందు తిన్నారు, మీరే ముందు తిన్నారు" అని వీధి చివర కేక.

పైడమ్మ పందిట్లోంచి తొంగి చూసింది. కేక పెళ్ళికొడుకు తండ్రి సూరప్పది. పెళ్ళి ఆమె కూతురిది.

ఇది వెలుగుకు ఇప్పటంత తొందర లేని కాలం మాట. అప్పట్లో అది కొండ నుంచి కొండకు తీరిగ్గా నడిచి వెళ్ళేదట. ఇటు పెళ్ళికూతురివాళ్ళ ఎర్రకొండ, అటు పెళ్ళికొడుకువాళ్ళ తెల్లకొండ, నడుమ పెద్ద లోయ. పెళ్ళినాడు రెండు కొండలవాళ్ళూ తొలిముద్ద ఒక్క క్షణాన తినాలి. ముందు తిన్నవాళ్ళు అవతలివాళ్ళను చిన్నబుచ్చినట్టే. అందుకని ఎర్రకొండవాళ్ళు అద్దం తిప్పి ఎండను తళుక్కుమనిపిస్తారు, ఆ తళుకు అవతలికి చేరేదాకా ఆగి తింటారు. అవతలివాళ్ళు తళుకు చూడగానే తింటారు.

మరి ఎంతసేపు ఆగాలి? ఆ లెక్క పైడమ్మది. అడుగున చిల్లున్న రాగి గిన్నెను నీళ్ళలో వేసి, ఎన్నిసార్లు మునిగిందో చూసి కాలం చెప్పడమే ఆమె కొలువు. ఆ పొద్దున మూడు మునకలు ఆగమంది.

"నాలుగు పడుతుంది చెల్లెమ్మా," అన్నాడు తెల్లకొండ నుంచి వచ్చిన సూరప్ప. "మావైపు వచ్చేదానికి ఎదురుగాలి. వెలుగైతే మాత్రం అలిసిపోదా? ఇంత చిన్నచూపు చూసే సంబంధం మాకొద్దు."

మీరు నవ్వకండి. ఆ మాటకు ఆ రోజు నవ్వినవాళ్ళు లేరు.

పెళ్ళికొచ్చిన రాజుగారు, "కొలిచి తేల్చండి" అన్నారు.

మొదట రెండు గిన్నెలను ఒకేసారి నీళ్ళలో వేసి, ఒకదాన్ని నీళ్ళతో సహా తెల్లకొండకు మోసుకుపోయారు. దారి కుదుపుల్లో అది ఎలా మునిగిందో, ఇక్కడి గిన్నెతో కలిసే ఉందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

రెండోసారి, తళుకు కనబడగానే అక్కడి గిన్నె వెయ్యమన్నారు. "తళుకు ఎంత ఆలస్యంగా చేరిందో తెలిస్తే కదా ఆ గిన్నెను దీనితో కలపడం," అంది పైడమ్మ. "మనం వెతుకుతున్నదే అది."

మూడోసారి అక్కడ అద్దం నిలబెట్టి, తళుకును తిప్పి రప్పించారు. సరిగ్గా ఆరు మునకలు. ఎన్నిసార్లు పంపినా ఆరే.

"ఆరులో సగం మూడు. అదే కొలత అని చెప్పెయ్యమ్మా, పెళ్ళి నిలుస్తుంది," అన్నారు రాజుగారు మెల్లగా.

పైడమ్మ పందిట్లో కూతురి వంక చూసింది.

"రానూపోనూ ఆరు, అది కొలిచాను ప్రభూ. పోవడానికి రెండు, రావడానికి నాలుగు కావచ్చు. అది తారుమారైనా కావచ్చు. పొద్దున నేనన్న మూడు కొలత కాదు, నమ్మకం. అన్నయ్యగారి నాలుగూ అంతే. పోయే కాలాన్ని ఒక్కదాన్నే విడిగా కొలిచే గిన్నె నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా ఉండదు."

"కాలం చెప్పేదానికే తెలీదట," అని వీధంతా నవ్వింది. సూరప్ప నవ్వలేదు.

"మూడే అని బుకాయిస్తే జన్మంతా వాదించేవాణ్ణి," అన్నాడు. "తెలీదని ఒప్పుకున్న మనిషితో పేచీ ఏం పెట్టుకోను? ఇప్పుడేం చేద్దాం చెల్లెమ్మా?"

"ఇకమీదట చెరి సగం, పోవడానికి మూడు, రావడానికి మూడు అని ఒప్పుకుందాం. కొలిచామని మాత్రం అనొద్దు. ఇవాళ్టికి అందరం లోయలోకి దిగి తొలిముద్ద మళ్ళీ తిందాం. పక్కపక్కన కూర్చుంటే వెలుగును అంతదూరం నడిపించే పనే లేదు."

రెండు కొండల గుండిగలూ లోయలోకి దిగాయి. విస్తళ్ళన్నీ ఒకే బంతిలో పడ్డాయి. సూరప్ప పప్పన్నంలో చెయ్యి పెట్టి ఆగాడు.

"ఎన్ని మునకలు ఆగమంటావు చెల్లెమ్మా?"

"నెయ్యి పడేదాకా, అన్నయ్యగారూ."

నెయ్యి పడింది, అందరూ ఒక్కసారే ముద్ద ఎత్తారు. కొలిచినదాన్ని కొలిచామని, ఒప్పుకున్నదాన్ని ఒప్పుకున్నామని చెప్పేవాళ్ళ మాటే పదిమందినీ ఒక బంతిలో కూర్చోబెడుతుంది.