రుద్రజడ పచ్చడి

శరభయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆ రోజున జవాబు చెప్పేవారు కాదు. పిఠాపురంలో రైలుకట్ట పక్క పెంకుటింటి అరుగు మీద ఆదివారం ఉదయాలు వేదాంతం చెప్పేవారు. ప్రశ్న అడిగినవాళ్ళని పెరట్లోకి తీసుకువెళ్ళి, మొక్కలకి నీళ్ళు పోయించి, వెళ్ళి రమ్మనేవారు. అలిగి రావడం మానేసినవాళ్ళున్నారు. హైమావతి మానలేదు. ఆవిడకి ఆదివారం పూట వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

ఆవిడ భర్త ముకుందరావు పోయి ఏడాది దాటింది. పిల్లలు లేరు. అత్తగారు అంతకుముందే కన్నుమూసింది. ఇన్నేళ్ళూ ఆ ఇద్దరికీ వేళకి వండి వడ్డించిన మనిషి, ఇప్పుడు పొద్దున టీలో బిస్కెట్లు ముంచుకుని, మధ్యాహ్నం మజ్జిగలో గుప్పెడు అటుకులు వేసుకుని రోజు వెళ్ళదీస్తోంది. స్టౌ వెలిగించబోయి, ఎందుకులే అని చెయ్యి వెనక్కి తీసుకునేది. జాకెట్లన్నీ వదులైపోయాయి. ఆ మధ్య ఒకరోజు బట్టలు ఆరేస్తూ కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఏమైందని అడిగేవాళ్ళు లేరు కనుక, కాసేపటికి తనే లేచి మిగతా బట్టలు ఆరేసింది.

ఆ ఆదివారం అందరూ వెళ్ళిపోయాక ఆవిడ అరుగు దగ్గరే నిలబడిపోయింది.

“గురువుగారూ, ఒక్కదానికోసం వంటేమిటండీ? ఎవరు తింటారని వండను?”

శరభయ్యగారు అరుగు దిగారు. పెరట్లోకి నడిచి, రుద్రజడ మొక్క నుంచి రెండు కొమ్మలు తుంచారు. తులసికి చెల్లెలులాంటి మొక్క అది; ఆకు కాస్త పెద్దది, వాసన కమ్మనిది, సబ్జాగింజలు కాసేది అదే.

“నీళ్ళలో పెట్టు. వేళ్ళు దిగాక కుండీలో నాటు. ఆకు బాగా వచ్చాక పచ్చడి చెయ్యి” అన్నారు.

మాట కోసం వెళితే కొమ్మ చేతిలో పెట్టారని ఆవిడ మనసు చివుక్కుమంది. అయినా గురువు మాట తీసెయ్యలేక గాజుగ్లాసులో పెట్టింది. తెల్లటి వేళ్ళు వచ్చాయి. కుండీలో నాటి పెరటి మెట్టు మీద ఉంచింది. కంకి తొడిగినప్పుడల్లా గిల్లేస్తే, గిల్లినచోట జంట కొమ్మలు వచ్చాయి. ఆ వాసన సాయంత్రం దాకా వేళ్ళనే అంటిపెట్టుకుని ఉండేది. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఆవిడ నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే, చెంబుతో నీళ్ళు పోస్తూ ఆ మొక్కతో అనేది. “దాహమేసిందా?”

ఆకు కుండీ నిండా కమ్ముకున్నాక ఓ రోజు కోసి కడిగింది. నూనెలో మినపప్పు, ఆవాలు, పచ్చిమిరపకాయలు వేయించి, ఆకు మగ్గబెట్టి, చింతపండు, కొబ్బరి కలిపి రోట్లో నూరింది. అంతా స్టీలు డబ్బాలో పెట్టుకుని, ఎండలో నడిచి, గురువుగారు భోజనానికి కూర్చునే వేళకి వాళ్ళింటికి చేరింది.

ఆయన మూత తీసి వాసన చూశారు.

“ఎవరికి చేశావమ్మా?”

“మీకేనండీ.”

“చెయ్యమన్నాను గానీ, తెమ్మన్నానా?” అని మూత పెట్టేసి, డబ్బా తిరిగి ఆవిడ చేతిలో పెట్టారు.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. దారిపొడుగునా కోపం. ఎవరి మీదనైనా కోపం వచ్చి ఎన్నాళ్ళయిందో! ఇంటికొచ్చి పచ్చడి పారేద్దామని మూత తీసింది. రుద్రజడ వాసన గుప్పుమంది. ఎన్నాళ్ళకో ఆకలేసింది. నిలబడే ఇంత బియ్యం కడిగి పొయ్యి మీద పడేసింది. ఉడికాక కంచం పెట్టుకుని, వేడి అన్నంలో పచ్చడి కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక భగ్గుమంది. కళ్ళ నీళ్ళు కారాయి. కారానికి మొదలైన ఏడుపు కారం తగ్గాక కూడా ఆగలేదు.

ఆదివారం అరుగు ఖాళీ అయ్యాక గురువుగారే పిలిచారు.

“తిన్నావా?”

“తిన్నానండీ. ఒకటే మంట. రెండో ముద్ద మింగలేకపోయాను.”

“మరి అంత కారం ఎందుకు వేశావు?”

“ఆయనకి అంత ఉండాలండీ. అత్తగారిదీ అదే నోరు. చెయ్యి అలా అలవాటైపోయింది. నేను అందరి తరవాతా గిన్నెకి అంటుకున్నది పెరుగన్నంలో కలుపుకునేదాన్ని. కారం తెలిసేది కాదు.”

“నీకెంత ఉంటే బాగుంటుంది?”

హైమావతి చెప్పబోయింది. ముకుందరావుకి ఎన్ని మిరపకాయలో తెలుసు. అత్తగారి చారులో మిరియాలు ఎంత ఘాటుగా ఉండాలో, పండక్కి వచ్చే ఆడపడుచు పులుపు ఎంత తింటుందో, అన్నీ తెలుసు. తన సంగతి ఎంత వెతుక్కున్నా దొరకలేదు. ఆ నోటికి ఏది ఇష్టమో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. తను కూడా అడగలేదు.

“తెలీదండీ” అంది.

శరభయ్యగారు తల తిప్పి ఎండ వంక చూశారు.

“పొద్దెక్కిందమ్మా. ఇంటికి వెళ్ళు, వంట వేళవుతోంది” అన్నారు.