కూర్చోనివ్వని ప్యాంటు

అనగనగా గోదావరి పాయ పక్కన ఒక ఊళ్ళో గవర్రాజనే ఏడేళ్ళ పిల్లాడుండేవాడమ్మా. వాడి బాబాయి సోంబాబుకి పెళ్ళి కుదిరింది. గవర్రాజుని తోటి పెళ్ళికొడుకుగా అనుకున్నారు. అంటే తెలుసుగా? పెళ్ళికొడుకు పక్కనే ఇంకో పీట మీద, బుగ్గన చుక్క పెట్టుకుని, బాసింపట్టు వేసుక్కూర్చోవాలి. వాడికి ఆ మాట విన్నప్పట్నుంచి నేల మీద కాలు నిలవలేదు.

"చిన్న పంచె కడదాం వాడికి" అంది నాయనమ్మ.

"నేను కట్టుకోను. పోయినసారి అందరి ముందూ ఊడిపోయింది!" అన్నాడు గవర్రాజు.

వాడి మేనత్త కనకరత్నానికి కుట్టుమిషనుంది. "మెత్తటి బట్టతో ప్యాంటు కుట్టిపెడతాను రారా" అంది ఆవిడ.

"నువ్వు కుట్టింది గోనెసంచీలా ఉంటుందత్తా! నాకు కొన్నదే కావాలి."

అత్త చేతిలోని గుడ్డని మడిచి పెట్టెలో పెట్టేసింది.

అప్పుడు వాడు నాన్నతో పట్నం వెళ్ళి, అద్దాల కొట్లో నల్లటి ప్యాంటు కొనుక్కొచ్చాడు. నలగని మడత, మెరిసే గుండీ. నిలబడితే దొరబాబే అనుకో. కానీ కూర్చోవాలిగా!

మొదట అన్నానికి కూర్చోబోయాడు. మోకాళ్ళు వంగలేదు. నిలబడే తిన్నాడు. ఆ తర్వాత బళ్ళో చాప మీద కూర్చోబోయాడు. నడుం దగ్గర కోసుకుపోయింది. గోడకానుకుని నిలబడే ఎక్కాలు చదివాడు. ఇరుకని చెబితే అత్త మాటే గెలుస్తుందని నోరు విప్పలేదు, మొండిఘటం!

ఆ తర్వాత బాబాయి రెండు పీటలు వేసి, "రారా, ఒకసారి కూర్చుని చూద్దాం" అన్నాడు. గవర్రాజు సగం వంగి ఆగిపోయాడు.

"ఏంట్రా, గుడ్డు పెట్టబోయే కోడిలా ఆగావు?" అన్నాడు బాబాయి.

అందరూ నవ్వారు. తాతయ్య మాత్రం గడ్డం గోక్కున్నాడు. "మూడు రోజుల్లో పెళ్ళి. కూర్చోలేనివాడికి పీటెందుకు? వీడి ఇంకో అత్త కొడుకుని కూర్చోబెడదాం."

అప్పుడు గవర్రాజు మెల్లగా మిషను పక్కకెళ్ళి నిలబడ్డాడు.

"అత్తా... నువ్వే కుట్టవా?"

కనకరత్నం దెప్పలేదు. "ఆది ఏదిరా?" అంది. ఆది అంటే, కొలత కోసం ఇచ్చే బట్టన్నమాట. వాడికి ఆ మెరుపు మీద ఇంకా ఆశ చావలేదు. కొన్న ప్యాంటే ఆదిగా ఇచ్చి, "అచ్చం ఇలాగే ఉండాలి" అన్నాడు. బాబాయి లాల్చీకి పోగా మిగిలిన తెల్లబట్టతో ఆవిడ అచ్చం అలాగే కుట్టింది.

వాడు వేసుకుని వంగాడో లేదో, పర్రున చిరిగింది! ఆది ఎంత ఇరుకో ఇదీ అంతే ఇరుకు మరి. గవర్రాజు కళ్ళు చెరువులయ్యాయి.

"ఊరుకో నా తండ్రీ, తప్పు నాది" అంది అత్త. "ఆదిని చూశాను గానీ, నిన్ను చూళ్ళేదు."

అప్పుడు ఆవిడ చాప పరిచింది. వాణ్ణి చెడ్డీతో బాసింపట్టు వేసి కూర్చోబెట్టి, ముందు సున్నుండల గిన్నె పెట్టింది. వాడు తింటున్నాడు, ఆవిడ దారంతో కొలుస్తోంది. కూర్చుంటే పరుచుకున్న పొట్ట కొలిచింది. మడిచిన మోకాలు కొలిచింది. వెనక నడుం నుంచి కాళ్ళ మధ్యగా బొడ్డు దాకా కొలిచింది. వాడికి ఒకటే చక్కిలిగింతలు.

"అందరూ నిలబెట్టి కొలుస్తారు గదత్తా?"

"నువ్వు అక్కడ చెయ్యాల్సింది కూర్చునే పని. అందుకే కూర్చున్న గవర్రాజుని కొలుస్తున్నా."

తెల్లబట్ట అయిపోయింది. అత్త తను దాచుకున్న వెన్నరంగు నూలు చీర తీసి, చెంగు కత్తిరించింది. ప్యాంటు చిరిగిన చోట, కాళ్ళ మధ్య, అరచేయంత చదరపు ముక్క వేసింది. పక్కలకి రెండు పట్టీలు కలిపింది. గుండీ పీకేసి బొందు ఎక్కించింది.

"అయ్యో వదినా, అంత మంచి చీర!" అంది గవర్రాజు వాళ్ళమ్మ.

"మంచిదే కావాలే. ఒరుసుకునేది పసివాడికి" అంది కనకరత్నం.

పెళ్ళిరోజు గవర్రాజు పీటెక్కాడు. కాళ్ళు మడిచి, నడుం నిలిపి, బుల్లి మహారాజులా కూర్చున్నాడు. జీలకర్రా బెల్లం అయింది. మంగళసూత్రం అయింది. తలంబ్రాలు నెత్తిన పడ్డా కదల్లేదు.

ఆ తర్వాత పంతులుగారు "ఇక లేవండి, అరుంధతిని చూద్దురుగాని" అన్నారు. పెళ్ళికొడుకు లేచాడు. పెళ్ళికూతురు లేచింది. గవర్రాజు లేవలేదు.

"లేరా!" అన్నాడు బాబాయి.

"నేను లేవను. హాయిగా ఉంది."

బాబాయి బతిమాలాడు. తాతయ్య కసిరాడు. ఊహూఁ! అప్పుడు వాడు జనంలో వెనకెక్కడో ఉన్న అత్తని చూసి, "అత్తా! ఇలా రా, నా పక్కన కూర్చో" అని కేకేశాడు. కనకరత్నం కళ్ళొత్తుకుంటూ వచ్చి, వాడి పక్కన చాప మీద చతికిలబడింది. ఇక ఆ ఇద్దర్నీ లేపడం ఎవరి వల్లా కాలేదట!

కథేమో కంచికి,
కత్తెరేమో పెట్టెకి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి!