సేనాపతి గుడారం

పూర్వం ఒక రాజుగారి దండులో వాన కబురు చెప్పే కొలువు ఓబన్నకు దొరికింది. అంతకుముందు అతను ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. వాన వస్తుందని చెప్పి రాకపోతే తిట్లు, చెప్పకుండా వస్తే ఇంకా తిట్లు. ఈ కొలువంటే ఇంతేనని నెల తిరక్కుండానే అర్థమైంది.

ఒక సాయంత్రం దండు ఎండిన ఏటి దగ్గర ఆగింది.

"మెత్తటి ఇసుక! అందరూ ఏట్లోనే పడుకోండి" అన్నాడు సేనాపతి భైరవరాయుడు.

"దొరా, పైన కొండల్లో వాన పడుతోంది. ఏరు పొంగి వస్తుంది" అన్నాడు ఓబన్న.

"ఇక్కడ చుక్కయినా పడలేదు. సేనాపతివి నువ్వా, నేనా?"

సిపాయిలు అప్పటికే దుప్పట్లు పరుస్తున్నారు. ఓబన్న చేతులు కట్టుకుని, "తమరే దొరా! తమ గుడారం నడి ఏట్లో వేయిస్తాను. ఇసుక అక్కడ ఇంకా మెత్తన" అన్నాడు.

సేనాపతి కొండలవైపు చూశాడు. అక్కడ తళుక్కున మెరిసింది.

"నాకు... గట్టు మీద వెయ్యండి. గాలి బాగుంటుంది."

"విన్నారా? దొరగారు గట్టు మీద ఉంటారట!" అని ఓబన్న గొంతెత్తి అరిచాడు. "ఆయన్ని ఒంటరిగా వదిలేస్తామా? పదండి!"

సైన్యమంతా గట్టెక్కింది. సేనాపతి కాదనలేకపోయాడు. అన్నం ఉడికేలోపే ఏరు రెండు గట్లూ ఒరుసుకుంటూ వచ్చింది.

"గట్టే మంచిదని నేను ముందే అన్నాను కదా!" అన్నాడు సేనాపతి.

"తమరి మాటకు తిరుగేముంది దొరా!" అంటూ ఓబన్న కంచం పట్టుకుని అన్నానికి కూర్చున్నాడు.