పనసచెట్టుకు అరటాకులు

వరహాలమ్మ ఇంట్లో నీళ్ళకి కరువు గానీ తెలివికి కరువు లేదు. ఇంట్లో తెలివైనది తనేనని ఆవిడ నమ్మకం. కాదు, తనేనని మొగుడు అప్పలకొండ నమ్మకం. ఆ ఇద్దరికీ తెలివి నేర్పింది తనేనని మరిది సన్నెయ్య నమ్మకం. ఊళ్ళోవాళ్ళకి ఈ విషయంలో పేచీ లేదు. ముగ్గురూ సమానమేననేవారు.

కూతురి పెళ్ళి పదిరోజుల్లోకి వచ్చింది. "పెళ్ళి భోజనంలో పనసపొట్టు కూర మా పెరటి కాయలతోనే వదినగారూ!" అని వియ్యపురాలు నూకాలమ్మకి వరహాలమ్మ మాటిచ్చేసింది. చెట్టుకి పదకొండు లేత కాయలున్నాయి. ఇంతలో ఎండలు ముదిరి ఆకులు వేలాడిపోయాయి. మాట పోతుందేమోనని ఆవిడకి అన్నం సయించలేదు. పోయి తోటల ఆఫీసరమ్మని పిలుచుకొచ్చింది.

ఆఫీసరమ్మ ఓపిగ్గా చెప్పింది. "వేళ్ళు తాగిన నీరు కాండంలోని సన్నటి గొట్టాల్లోంచి పైకెక్కుతుంది. దాన్ని లాగేది ఆకులే. ఆకులోంచి నీరు ఆవిరవుతుంటే కిందిది పైకొస్తుంది. పెద్ద ఆకు ఎక్కువ లాగుతుంది, చిన్న ఆకు పొదుపు. నేల మరీ ఎండితే గొట్టాల్లో గాలి చేరి ధార తెగిపోతుంది. మొదలు తడిపి గడ్డి కప్పండి, చాలు."

గడ్డి కప్పడం ఎవరైనా చేస్తారు, దానికి తెలివెందుకు? వరహాలమ్మ ఆ మాటొకటి వదిలేసి, మిగతావన్నీ పట్టుకుంది.

"చిన్న ఆకు పొదుపంట మావా! కత్తెర తే!"

అంతే. నిచ్చెనలేసుకుని ప్రతి ఆకునీ చింతాకంత కత్తిరించారు. రెండ్రోజులు పట్టింది. మూడోనాటికి కాయలు వడిలాయి.

"లాగే ఆకుల్ని కోసేస్తే ఇంక నీళ్ళు లాగేదెవులు?" అన్నాడు సన్నెయ్య. కత్తెర ఇంకా అతని చేతిలోనే ఉంది.

"కాదెహె, గొట్టాల్లో గాలి పట్టింది," అన్నాడు అప్పలకొండ. నీళ్ళ ఇంజిన్‌కి గాలి పడితే పై గొట్టంలో పేడనీళ్ళు పోసి దారికి తేవడంలో అతన్ని మించినవాడు లేడు. ఇంకేముంది! గొట్టం నోరు కనబడాలని చెట్టు తల నరికేశాడు. పైనుంచి బిందెడు పేడనీళ్ళు కుమ్మరించాడు.

"దిగిందేటే?" అని అరిచాడు.

"దిగింది మావా! చెట్టులోకి కాదు, నా జాకెట్టులోకి!" అంది కింద నిచ్చెన పట్టుకున్న వరహాలమ్మ.

పేడ కడుక్కుంటుంటే ఆవిడకి అసలు తెలివి తట్టింది. పెద్ద ఆకు ఎక్కువ లాగుతుందని ఆఫీసరమ్మే చెప్పింది కదా, అరటాకుని మించిన ఆకేముంది? పెళ్ళి విస్తళ్ళకని దాచుకున్న పెరటి అరటాకులన్నీ కోసి, పురికొసతో పనసకొమ్మలకి కట్టేశారు. మధ్యాహ్నానికి అవీ వేలాడాయి.

"పాపం, ఎంత బలంగా లాగాయో, అలిసిపోయాయి," అంది వరహాలమ్మ.

సన్నెయ్య జాలిపడి విసనకర్రతో వాటికి విసిరాడు. ఆ విసురుకి ఒక కాయ రాలింది. దాని వెనకే మిగతా పదీ.

సరిగ్గా అప్పుడే నూకాలమ్మ గుమ్మంలోకొచ్చింది. వరహాలమ్మ బావురుమంది.

"నా మాట పోయింది వదినగారూ! కాయలన్నీ లేతగానే రాలిపోయాయి. పొట్టు కూర ఇంకెక్కడిది?"

నూకాలమ్మ ఒక కాయ తీసి, బొటనవేలితో నొక్కి చూసింది. పొట్టు కొట్టడానికి అంతకన్నా మంచి లేత దొరకదు.

"కాయలు కళ్ళెదుటే ఉంటే ఏడుపెందుకు వదినగారూ?" అందావిడ. "పెళ్ళి ఇంకా అయిదు రోజులుంది. ఎక్కడివక్కడ కట్టేస్తే వాటి నీళ్ళు అవే తాగుతాయి. ఏదీ, నిచ్చెన?"

పిల్ల తెలివైన ఇంటికే వెళ్తోందని వరహాలమ్మ మనసు కుదుటపడింది. వియ్యపురాలు నిచ్చెన పట్టుకుంది, తను ఎక్కింది. తొడిమ పైకుండాలా, కిందికుండాలా అని నలుగురూ కాసేపు వాదించుకున్నారు. చివరికి, నీళ్ళొచ్చేది కిందినుంచే కదా అని, పదకొండు కాయల్నీ తలకిందులుగా కట్టేశారు.