చిలుకల మేడలో తుమ్ము

అనగనగా ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాలకు అవతల ధూమకేశుడనే మాంత్రికుడు హేమలేఖ అనే రాజకుమారిని చెరపట్టాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. చిక్కేమిటంటే మేడ నిండా చిలుకలే. పొద్దు గుంకేలోగా ఆ చిలుకను పట్టినవాడికి రాజకుమారి దక్కుతుంది. పట్టలేనివాడు రాయైపోతాడు.

పెద్దవాడు వెళ్ళాడు. పచ్చవి ఒక పంజరంలో, ముసలివి ఒకదానిలో, జామకాయ తినేవి ఇంకొకదానిలో వేయబోయాడు. మరి పచ్చగా ఉండి, ముసలిదై, జామకాయ తినే చిలుక ఎందులోకి? దాన్ని చేత్తో పట్టుకునే రాయైపోయాడు. రెండోవాడు ఒకదాని తోక పొడవునూ ఇంకొకదాని గొంతు తీపినీ పక్కన పెట్టి, ఏది గొప్పదా అని తూస్తూ రాయయ్యాడు. ఆ తూకం ఏ త్రాసులో తేలుతుంది?

మూడోవాడు సుకేతుడు. అన్నలు లేకుండా తిరిగి రానని తండ్రికి చెప్పి బయలుదేరాడు. దారిలో ముళ్ళలో చిక్కిన ఉడుతను విడిపించాడు. అది భుజమెక్కి, చిలుకకు ఏమైతే మాంత్రికుడికీ అదే అవుతుందని చెప్పింది. సముద్రాలు దాటించింది ఒక తాబేలు. దాని కథ మొదలుపెడితే మన రాజకుమారుడు ఒడ్డునే ఉండిపోతాడు.

మేడలో సుకేతుడు చిలుకలన్నిటినీ సగం ఒక పంజరంలో, సగం మరో పంజరంలో వేశాడు. ఒక్కటీ బయట లేదు, ఏదీ రెండింటిలో లేదు. మొదటి పంజరంలోకి మిరియాల పొడి ఊదాడు. చిలుకలన్నీ తుమ్మాయి. దూరంగా నిలబడి చూస్తున్న మాంత్రికుడు తుమ్మలేదు. సుకేతుడు వాటిని వదిలేసి, మిగిలినవాటిని మళ్ళీ సగం చేశాడు.

"ఒక్కొక్కటే చూడవేం అబ్బాయీ? మీ అన్నలు ఎంత శ్రద్ధగా చూశారో" అన్నాడు మాంత్రికుడు.

"వాళ్ళు చిలుకల్ని చూశారు తాతా. నేను నిన్ను చూస్తున్నాను."

మాంత్రికుడు కంగారుపడి పచ్చవాటిని ఎర్రగా, ఎర్రవాటిని నీలంగా మార్చాడు. సుకేతుడు రంగు జోలికే పోలేదు. మళ్ళీ పొడి ఊదాడు. ఈసారి మాంత్రికుడు గట్టిగా తుమ్మి, జలుబన్నాడు. కిటికీలోంచి చూస్తున్న హేమలేఖ మొదటిసారి నవ్వింది. సగం, సగంలో సగం, అందులో సగం. పొద్దు కొండ అంచున ఉండగా ఒక్క చిలుక మిగిలింది. సుకేతుడు దాన్ని చేతిలోకి తీసుకుని గుప్పిట బిగించాడు. మాంత్రికుడు ఊపిరాడక, రాళ్ళను మనుషుల్ని చేశాడు.

పెద్దన్న కళ్ళు తెరిచి, ఖాళీ చెయ్యి చాచి, "ఇదెందులో వేయమంటావురా తమ్ముడూ?" అన్నాడు.

సుకేతుడికీ హేమలేఖకూ పెళ్ళయింది. చిలుక ఆమె దగ్గరే పెరిగింది. మాంత్రికుడు మంత్రం మొదలుపెడితే చాలు, ఆమె మిరియాల డబ్బా మూత తీసేది. వాళ్ళు చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. ఆ రాజ్యంలో ఇప్పటికీ ఎవరైనా తుమ్మితే, ముందు చిలుకల వైపు చూస్తారట.